బండి వెనుక వెలుగు: ఒక విమర్శ

నాగాయలంక చుట్టుపట్ల రొయ్యల చెరువుల పట్టుబడి చాలవరకు పగటి పని కాదు. నీటి నుండి తీసిన రొయ్య వేడికి త్వరగా చెడిపోవును. కావున వల లాగుట, ట్రేలలోనికి ఎత్తుట, కౌంటు చూచుట, తూకము వేయుట, ఐసు కలిపి బండిలో పేర్చుట యనునవి ఎండ రాక మునుపే ముగియవలెను. ఒకప్పుడు ఈ పనికి వెదురుగడకు వ్రేలాడగట్టిన పెట్రోమాక్సు దీపమే ఆధారము. ఇప్పుడా గడ లేదు, ఆ దీపమును లేదు. 2005లో టాటా ఏస్ బండి బజారులోనికి వచ్చినది. 2009లో వనామీ రొయ్య పెంపకమునకు మన దేశమున అనుమతి లభించినది. ఈ రెండును కలిసి దివిసీమ చెరువుగట్ల రూపమునే మార్చివేసినవి. లారీ రాలేని గట్టు మీదికి చిన్న బండి వచ్చుచున్నది. వచ్చునప్పుడు తన దీపమును తానే తెచ్చుకొనుచున్నది.

ఈ వ్యాసము ఆ దీపమును గురించియే. పుస్తకము వెలువడినచో సమీక్షింతుము. నాటకమాడినచో గుణదోషములు చర్చింతుము. బండి వెనుక బాడీకి దీపములు బిగించు పని మాత్రము ఎవరి విమర్శకును నోచుకొనలేదు. అయినను దానిపై ఒక కుటుంబపు ఆరునెలల పంట, అప్పుడప్పుడొక మనిషి ప్రాణము కూడ ఆధారపడియుండును. భౌతికశాస్త్రము బోధించు వానికి ఇంతకంటె దగ్గరి విషయము వేరొకటి దొరకదు. తరగతిలో ఓమ్ సూత్రమును నల్లబల్లపై వ్రాయుచుందుము. అది గట్టు మీద ఏమి చేయుచున్నదో చూడబోము.

నేను చూచిన బండి మా విద్యార్థి యొకని తండ్రిది. డ్రైవరు కూర్చుండు క్యాబిను వెనుక చట్రముపై రెండు పొడుగుపాటి ఎల్.ఇ.డి. దీపములు వెనుకవైపునకు తిరిగియున్నవి. బాడీ రెండు ప్రక్కల అంచుల క్రింద దీపపు స్ట్రిప్పులు అంటించియున్నవి. చేసినవాడు అనుభవము గల పనివాడనుటలో సందేహము లేదు. తీగను రబ్బరు గొట్టములో పోనిచ్చినాడు. పదునైన అంచుల దగ్గర క్లిప్పులు వేసినాడు. స్విచ్చిని చేతికందు చోట పెట్టినాడు. విమర్శకుడు మొదట మంచిని చెప్పవలెను గదా, అందుచేత చెప్పితిని.

ఇక ఆనాటి రాత్రి సంగతి. పట్టుబడి మూడు గంటలకు మొదలైనది. ఇంజను ఆపి, దీపములు వెలిగించి, నాలుగు గంటలసేపు సరుకు ఎత్తిరి. చివరి ట్రే ఎక్కించి తాళము త్రిప్పగా ఇంజను తిరుగలేదు. ఒకమారు మూలిగి ఊరకున్నది. పొరుగు చెరువు నుండి ట్రాక్టరు వచ్చి, దాని బ్యాటరీకి తీగలు కలిపి బండిని కదలించుసరికి గంటన్నర గడచినది. ఈ లోపల ఎండ ఎక్కినది, ఐసు కరగినది. సరుకు చేరవలసిన చోట కొనువారు ధర తగ్గించిరి. తగ్గించినది ఎంత యని నేనడుగలేదు. ఆయన ముఖము చూచిన తరువాత అడుగవలసిన పనియు లేకపోయినది.

“మాస్టారూ, బ్యాటరీ కొని రెండేళ్లేనండీ. మోసం చేశాడంటారా?” అని అడిగెను.

బ్యాటరీ మోసము చేయలేదు. మోసము వేరొకచోట నున్నది. దీపము అమ్మిన పెట్టెపై 126 వాట్లని అచ్చువేసియున్నది. నేను మల్టీమీటరు తీసికొనిపోయి కొలిచితిని. 12.4 వోల్టుల దగ్గర ఒక్కొక్క దీపము తీసికొన్న ప్రవాహము 2.1 ఆంపియర్లు. ఈ రెంటిని గుణించిన వచ్చునది 26 వాట్లు. మరి 126 ఎక్కడిది? దీపములో 42 డయోడులు ఉన్నవి. ఒక్కొక్కటి అత్యధికముగా 3 వాట్లు ఓర్చగలదని దాని జాతకము. 42ను 3 చేత గుణించి పెట్టెమీద వేసిరి. ఎడ్లబండి రెండు టన్నులు ఓర్చునని చెప్పి, అందున్న సరుకు రెండు టన్నులే యని తూకపు చీటీ వ్రాసినట్లున్నది! పెట్టెలోని కాగితములో తెలుగు ముక్క ఒక్కటియు లేదు. ఇంగ్లీషులో నున్న నాలుగు వాక్యములలో తీగ మందము గాని, ఫ్యూజు గాని ప్రస్తావింపబడలేదు.

ఈ అతిశయోక్తి వలన ఒక మేలు జరిగినది: పెట్టె చెప్పినంతయు నిజమైనచో బ్యాటరీ గంటన్నరలోనే ఒట్టిపోయెడిది. రెండు దీపములు, స్ట్రిప్పులు కలిసి తీసికొన్నది మొత్తము 5.8 ఆంపియర్లు. నాలుగు గంటలకు 23 ఆంపియర్-గంటలు. 50 ఆంపియర్-గంటల కొత్త బ్యాటరీలోనైనను ఇది సగమునకు దగ్గర. సీసపు బ్యాటరీ వయస్సు పెరిగినకొలది తన పూర్వపు పరిమాణమును నిలుపుకొనలేదు. స్టార్టరు మోటారు మొదటి క్షణమున కొన్ని వందల ఆంపియర్లను కోరును. సగము ఖాళీయైన పాత బ్యాటరీ దీపమును వెలిగింపగలదు గాని ఇంజనును త్రిప్పలేదు. దీపము కాంతివంతముగా వెలుగుచున్నది గనుక బ్యాటరీ బాగున్నదని అనుకొనుటయే ఇందలి ఉచ్చు. పాత ఫిలమెంటు బల్బు ఎర్రబడి ముందుగా హెచ్చరించెడిది. లోపల నియంత్రక వలయము గల ఎల్.ఇ.డి. దీపము వోల్టేజి తగ్గినకొలది ప్రవాహమును మరికొంత ఎక్కువగా లాగికొని, చివరివరకు నవ్వుచునే యుండును.

తరువాత తీగను చూచితిని. అది అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ, ఇంటిలో చిన్న రేడియోకు వాడదగినది. అట్టి తీగకు మీటరుకు 0.034 ఓములు నిరోధముండును. బ్యాటరీ నుండి బాడీ చివరకు అయిదు మీటర్లు, తిరిగి వచ్చుటకు అయిదు మీటర్లు, మొత్తము పది. నిరోధము 0.34 ఓము. దీనిగుండా 6 ఆంపియర్లు పోయినచో రెండు వోల్టులు దారిలోనే నష్టమగును. పండ్రెండు వోల్టులలో రెండు పోవుట సామాన్యము కాదు. అందువలననే స్ట్రిప్పులు మసకగా వెలిగినవి. స్ట్రిప్పులో మూడేసి డయోడులు, ఒక చిన్న నిరోధకము వరుసగా కూర్చబడియుండును. మూడు తెల్ల డయోడులకు సుమారు 9.3 వోల్టులు కావలెను. మిగిలిన 2.7 వోల్టులు నిరోధకముపై పడి ప్రవాహమును నిర్ణయించును. చివరకు చేరినది 10.4 వోల్టులే యైనచో నిరోధకమునకు మిగులునది 1.1 వోల్టు మాత్రమే; ప్రవాహము సగము కంటె తక్కువకు దిగును.

కావున మందపు తీగ వేయుమని చెప్పితిని. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేసిరి. నష్టము అర వోల్టు లోపలకు తగ్గినది. స్ట్రిప్పులు తళతళలాడినవి. అందరును సంతోషించిరి. మూడు వారములైన తరువాత స్ట్రిప్పులు గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడ ఆరిపోయినవి.

ఈ తప్పు నాదే. ఒప్పుకొనుటలో సిగ్గు లేదు. ఇంజను నడచుచున్నప్పుడు బండిలో నుండునది 12 వోల్టులు కాదు. ఆల్టర్నేటరు 14 వోల్టులకు పైగా ఇచ్చును. ఆ స్ట్రిప్పు ఇంటిలో అలంకారమునకు, ఖచ్చితముగా 12 వోల్టులిచ్చు అడాప్టరుకై చేయబడినది. దానికి 13.8 వోల్టులు చేరినచో నిరోధకముపై 2.7కు బదులు 4.5 వోల్టులు పడును. ప్రవాహము ఒకటిన్నర రెట్లు దాటును. నిరోధకములో పుట్టు వేడి ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక రెండున్నర రెట్లకు పైబడును. పనివాడు వేసిన సన్నని తీగ దారిలో రెండు వోల్టులు తినివేయుచు, తెలియకయే స్ట్రిప్పును కాపాడుచుండెను. నేను ఒక దోషమును సరిదిద్ది, దాని వెనుక దాగిన మరియొక దోషమును బయటకు తెచ్చితిని. సూత్రము తెలిసినవాడు వలయమునంతటిని చూడక ఒక్క తీగనే చూచినచో జరుగునది ఇదే. ఇప్పుడు స్ట్రిప్పుల బదులు 10 మొదలు 30 వోల్టుల వరకు ఓర్చునని వ్రాసియున్న, వాహనముల కొరకే చేసిన చిన్న దీపములు వేయించితిమి.

ఫ్యూజు మాట. బ్యాటరీ నుండి తిన్నగా తెచ్చిన ఆ తీగకు ఫ్యూజు లేదు. అడుగగా “దీపం తక్కువ కరెంటేగదండీ, ఫ్యూజెందుకూ” అని సమాధానము వచ్చినది. ఫ్యూజు దీపము కొరకు కాదు, తీగ కొరకు. గొట్టము ఒరిసి తీగ చట్రమునకు తగిలినచో బ్యాటరీ వందల ఆంపియర్లను అందించుటకు సంకోచింపదు. అప్పుడు దీపము ఆరును గాని, తీగ నిప్పువలె కాలి, ప్రక్కనున్న డీజిలు గొట్టమును కూడ తన దారికి తెచ్చుకొనును. కాబట్టి ఫ్యూజును బ్యాటరీ ప్రక్కననే, జానెడు దూరములో పెట్టవలెను. దీపము దగ్గర పెట్టిన ఫ్యూజు, ఊరి చివర దొంగతనము జరుగగా ఊరి మొదట నిలిచిన కావలివాని వంటిది. కాలిపోయిన ఫ్యూజు స్థానమున సిగరెట్టుపెట్టె వెండికాగితము చుట్టువారిని గూర్చి వ్రాయుటకు నాకు ఓపిక లేదు.

దివిసీమలో ఉప్పు నొక ప్రత్యేక శత్రువుగా లెక్కింపవలెను. ట్రేల నుండి కారునది మంచినీరు కాదు, ఉప్పునీరు. అది ప్రవాహమును పోనిచ్చును. ఇనుప బోల్టుకు బిగించిన ఎర్తు తీగ క్రింద తుప్పు పట్టును, నిరోధము పెరుగును, దీపము మినుకుమినుకుమనును. ధన తీగ అతుకులోనికి ఉప్పునీరు చేరినచో విద్యుద్విశ్లేషణము మొదలై రాగి క్రమముగా కరగి పచ్చని పొడిగా మారును. టేపు చుట్టినంతమాత్రమున ఇది ఆగదు. టేపు నీటిని ఆపుట కంటె లోపల నిలువ ఉంచుటకే ఎక్కువ ఉపకరించును. పెట్టెపై ఐ.పి. 67 అని యున్నదని పలువురు ధైర్యపడుదురు. అందులో 6 ధూళిని గూర్చినది. 7 అనగా ఒక మీటరు లోతు నీటిలో అరగంట ముంచినను లోపలికి హానికరముగా నీరు పోరాదని అర్థము. ఆ పరీక్ష మంచినీటితో, కొత్త దీపముపై జరుగును. ఏండ్ల తరబడి ఉప్పునీరు కారుటను గూర్చి గాని, పంపుతో ఒత్తిడిగా బండి కడుగుటను గూర్చి గాని ఆ అంకె ఏమియు చెప్పదు. స్ట్రిప్పును మధ్యలో కత్తిరించితిరా, ఆ అంకె యంతటితో చెల్లు. ఎర్తు తీగను కూడ చట్రమునకు వదలక, రెండవ తీగగా బ్యాటరీ వరకు తీసికొనిపోవుట ఇచట శ్రేయస్కరము.

ఇక కాంతి గుణము. ఇది రైతు జేబుకు సూటిగా సంబంధించినది. చీకటిలో కొనువాని మనిషి గుప్పెడు రొయ్యలు తీసి, దీపము క్రింద పట్టి, గుల్ల మెత్తబడినదా, తలపై నల్లమచ్చ వచ్చినదా, రంగు మారినదా యని చూచును. ఆ తీర్పు మీద ధర నిలుచును. తెల్ల ఎల్.ఇ.డి. నిజమునకు నీలి దీపము. నీలికాంతి నిచ్చు డయోడును కనుగొన్నందులకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. ఆ నీలి డయోడుపై పసుపుపచ్చని కాంతినిచ్చు పదార్థమును పూయుదురు. నీలి, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోచును. కంటికి తెలుపుగా తోచుట వేరు, సూర్యకాంతి వలె అన్ని రంగులను కలిగియుండుట వేరు. చవుక దీపములలో ఎరుపు భాగము మిక్కిలి కొరవడును. రొయ్యలోని ఎర్రని ఛాయ అట్టి కాంతిలో వెలవెలబోవును. మంచి సరుకు పాలిపోయినట్లును, పసుపు దీపము క్రింద మధ్యరకపు సరుకు నిగనిగలాడునట్లును కనిపించును. వస్తువుల రంగును నిజముగా చూపు సామర్థ్యమునకు ఒక సూచిక కలదు; సూర్యకాంతి వంటి దానికి అది 100. చవుక దీపములకు 70 ప్రాంతముననుండును, 90 గలవియు దొరకును, కొంచెము ధర ఎక్కువ. బేరము జరుగు చోట నొక్క 90 దీపము పెట్టుకొనుట రైతుకును కొనువానికిని న్యాయము. వెలుగు ఎక్కువైనంతమాత్రమున నిజము ఎక్కువగా కనబడదు.

అసలు ఎంత వెలుగు కావలెను? బండి బాడీ ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు అనుకొందము, సుమారు 3.25 చదరపు మీటర్లు. వాటుకు 100 ల్యూమెన్లిచ్చు సామాన్య దీపము 8 వాట్లది పెట్టినచో 800 ల్యూమెన్లు. అందులో సగమే సరుకుపై పడినదనుకొన్నను చదరపు మీటరుకు 120 ల్యూమెన్లకు పైగా, అనగా 120 లక్సులు లభించును. పున్నమి వెన్నెల అర లక్సు కూడ ఉండదని జ్ఞాపకముంచుకొనిన ఇది ఎంత వెలుగో తెలియును. ట్రేలు పేర్చుటకు ఇది చాలును. ఆ బండిలో వెలిగినది 72 వాట్లు! తొమ్మిదిరెట్ల వెలుగు ఎక్కడికి పోయినది? గట్టు మీదికి, పొరుగు చెరువు మీదికి, ఎదుట నిలిచి ట్రే అందుకొనువాని కన్నులలోనికి పోయినది. పైగా రెండు దీపములును క్యాబిను వైపు నుండియే వచ్చుటచే బాడీలోని మనిషి నీడ సరిగా అతడు కాలు పెట్టవలసిన చోటనే పడినది. తడిసిన ఇనుపరేకుపై, ఐసు ముక్కల నడుమ, తన నీడలో తాను కాలు పెట్టుట ఎట్టిదో ఎక్కి చూచినగాని తెలియదు. నేను ఎక్కి చూచితిని, మోకాలు దోకినది. అవే ఎనిమిది వాట్లను నాలుగు చిన్న దీపములుగా చేసి, రెండు ప్రక్కల అంచుల క్రింద, క్రిందికి లోపలికి చూచునట్లు పెట్టినచో ఒకదాని నీడను మరియొకటి తుడిచివేయును. ప్రవాహము ఒక ఆంపియరునకు లోపు. నాలుగు గంటలైనను బ్యాటరీకి పట్టదు.

అన్నింటికంటె నన్ను బాధించినది వేరు. సరుకు ఎక్కిన తరువాత కూడ ఆ దీపములను ఆర్పక అవనిగడ్డ వైపు సాగిపోవు బండ్లను నేను చూచితిని. వెనుక మోటారుసైకిలుపై వచ్చువాని గతి యేమి? చీకటికి అలవాటుపడిన కంటిలోని సున్నితమైన వర్ణకము తీవ్రకాంతికి విరిగిపోవును. అది మరల కూడుకొనుటకు నిమిషములు పట్టును, పూర్తిగా కోలుకొనుటకు అరగంట. గంటకు 40 కిలోమీటర్ల వేగమున రెండు క్షణములు చూపు లేకపోయినచో 22 మీటర్లు గ్రుడ్డిగా పోయినట్లు. కరకట్ట రోడ్డు వెడల్పు ఎంతో, దాని ప్రక్క ఏమున్నదో ఇచటి పాఠకులకు చెప్పనక్కరలేదు. మంచు కురియు మార్గశిర పుష్యములలో ఈ తెల్లకాంతి మంచుబిందువులపై చెదరి బండినే కప్పివేయును. పసుపు దీపమైనచో మంచును చీల్చుకొనిపోవునను మాట కూడ నిజము కాదు. మంచుబిందువు కాంతి తరంగముకంటె ఎంతో పెద్దది, దానికి పసుపన్నను తెలుపన్నను భేదము తక్కువ.

చట్టము కూడ ఈ విషయమున ఊరకుండలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 108వది, వాహనము వెనుకవైపు ఎరుపు తప్ప వేరు కాంతి చూపరాదనుచున్నది. లోపలి దీపములు, నంబరు పలక దీపము, వెనుకకు నడుపునప్పటి తెల్లదీపము మున్నగు వానికి మినహాయింపు కలదు. పొలములో రాత్రివేళ నాగలి పని చేయు చోటును చూపుటకు ట్రాక్టరుకు పెట్టు దీపమునకును మినహాయింపు కలదు. దుక్కి దున్నువానిని గుర్తించిన నిబంధన చెరువుగట్టున సరుకెత్తువానిని పేరుపెట్టి గుర్తింపలేదు. ఈ లోపమును ఎత్తిచూపవలసినదే. అయినను నిలిచిన బండిలో, పైకప్పు లేని బాడీ లోపలికి మాత్రమే చూచు దీపమునకు ఎవరును అభ్యంతరము చెప్పరు. కదలునప్పుడు అది ఆరవలెను, అంతే. అందులకు డ్రైవరు జ్ఞాపకశక్తిని నమ్ముకొనుట కంటె ఇంటిలోని ఫ్రిజ్జును చూచి నేర్చుకొనవచ్చును: బాడీ వెనుక తలుపు దగ్గర ఒక చిన్న మీట స్విచ్చి పెట్టినచో తలుపు దింపగానే వెలుగును, మూయగానే ఆరును.

సొర్లగొంది వైపు సముద్రపుటొడ్డుకు పోవు బండ్లవారికి మరియొక మనవి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరమున గ్రుడ్లు పెట్టును. పొదగబడిన పిల్లలు రాత్రివేళ ఇసుకనుండి పైకి వచ్చి, ఎటు వెలుగెక్కువయో అటు నడచును. మామూలుగా అది సముద్రమే. ఒడ్డున నిలిచిన బండి దీపము సముద్రము కంటె కాంతివంతమైనచో అవి బండి వైపే నడచును.

మా విద్యార్థి తండ్రి బండిలో ఇప్పుడు నాలుగు చిన్న దీపములు, బేరమునకు ఒక మంచి దీపము, బ్యాటరీ ప్రక్క 5 ఆంపియర్ల ఫ్యూజు, తలుపు దగ్గర మీట స్విచ్చి ఉన్నవి. మొదటి పొడుగు దీపములలో ఒకటి తీసివేసిరి. రెండవది ఇంకను క్యాబిను పైననే యున్నది, తీగ మాత్రము కలుపలేదు. దానిని కూడ తీసివేయరాదా యని అడిగితిని.

“ఉండనివ్వండి మాస్టారూ, అది లేకపోతే బండి చిన్నబోయినట్టుంటదండీ” అనెను.